కుడి చెంప

మామిడికాయ తొడిమ విరిచేటప్పుడు చిన్న చప్పుడవుతుంది. జానెడు కాడతో కోసి దింపిన కాయని ఎడమ చేత్తో తలకిందులుగా పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో కాడని మొదట్లో నొక్కి పక్కకి వంచితే టప్పున విరుగుతుంది. విరిగీ విరగ్గానే సొన చిమ్ముతుంది. ఆ క్షణంలో కాయ ముచ్చిక నేల వైపు ఉండాలి, మనిషి మొహం పక్కకి తిరిగి ఉండాలి. చుక్క కాయ మీద పడితే మర్నాటికి నల్ల మచ్చ తేలుతుంది, మనిషి మీద పడితే ఒకటి రెండు రోజుల్లో పొక్కు లేస్తుంది.

ఇన్నమ్మ ఇదంతా ఆలోచించి చేసేది కాదు. ఆగిరిపల్లి దాటి తోటల్లోకి మళ్ళే రోడ్డు పక్కన, రేకుల షెడ్డు కింద, గడ్డి పరుచుకుని పీట వేసుకుని కూర్చుంటే ఆవిడ చేతులు వాటంతటవే నడిచేవి. విరిచిన కాయని ఇనప జాలీ మీద బోర్లా పెట్టేది, అది సొన కారుస్తూ ఉండగా ఇంకో కాయ అందుకునేది. పక్కన నలుగురైదుగురు ఆడవాళ్ళు కాయల్ని కడిగి, తుడిచి, ట్రేల్లో సర్దేవాళ్ళు గానీ ఆవిడ పీట మీద కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. ముప్పై ఏళ్ళ చెయ్యి అది. సొనకి నల్లబడి, తోలులా గట్టిపడి, వేళ్ళ సందుల్లో గీతలు కూడా కనపడకుండా పోయాయి. "సొన నన్ను చూసి పక్కకి తప్పుకుంటుంది" అని ఆవిడ అప్పుడప్పుడూ అనేది. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు, ఈ ఒక్క సంగతిలో తప్ప.

పన్నెండున్నరకి ఆవిడ పక్కన గోనె మీద పెట్టుకున్న ఫోను మోగేది. కూతురు దివ్య తడ అవతల ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పొద్దున లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్లు తీసేసుకుంటారట, మధ్యాహ్నం అన్నానికి వదిలిన అరగంట మాత్రం చేతికిస్తారట. ఆ అరగంటా దివ్య తల్లికే ఇచ్చేది. ఇక్కడ చూస్తే కాయ దిగే వేళ కూడా అదే. సొన నీళ్ళకి లొంగదు. నూనె రాసి, రుద్ది, సబ్బు పెట్టి కడగాలంటే పావుగంట పడుతుంది. అరగంటలో పావుగంట చేతులు కడుక్కోవడానికి పోగొట్టుకునే తల్లి ఎక్కడుంటుంది? ఇన్నమ్మ కుడి చెయ్యి గోనెకి ఒకసారి తుడిచి ఫోను తీసి చెవికి ఆనించుకునేది.

ఇక ఆ అరగంటా ఆవిడ అక్కడ ఉండేది కాదు. కళ్ళు సగం మూసుకుని, స్తంభానికి వీపు ఆనించి, ఊఁ కొడుతూ ఉండేది. అవతల కూతురు ఈ పూట చారులో ఉప్పు లేదనీ, పక్క మంచం అమ్మాయి నిద్రలో పాటలు పాడుతుందనీ చెబుతూ ఉండేది. ఇవతల షెడ్డు చుట్టూ మే నెల ఎండ పాకం తీగలా సాగుతూ ఉండేది. ఆకుల మధ్య నుంచి వెలుగు చిల్లులు పడి నేల మీద అటూ ఇటూ కదులుతుంటే, చెట్లే మెల్లగా ఎక్కడికో నడిచి వెళ్తున్నట్టు ఉండేది. ఎక్కడో పైకొమ్మకి కాయ కోసే చిక్కం కర్ర తగిలి ఆకు గలగలమనేది. పండబోతున్న కాయ వాసన, గడ్డి వాసన, కూతురి గొంతు, అన్నీ ఒకటై ఆవిడకి నిద్రా మెలకువా కాని ఒక హాయి కమ్మేది. ఫోను పెట్టేశాక కూడా కాసేపు దాన్ని చెంపకి అలాగే ఆనించుకుని ఉండిపోయేది.

సోమవారం నాడు ఫోను దించగానే పక్కనున్న లావణ్య ఆవిడ మొహం వైపు వింతగా చూసింది. లావణ్య ఈ ఏడే పనిలోకి వచ్చిన పిల్ల, దివ్యతో కలిసి చదువుకుంది.

"అత్తా, నీ చెంప మీద ఫోను అచ్చు పడింది."

రెండు రోజులుగా మంటగా ఉన్న మాట నిజమే. ఎండ దెబ్బేమో అనుకుంది ఇన్నమ్మ. లావణ్య చేతిసంచీలోని చిన్న అద్దం తీసి చూపించింది. చెవి తమ్మె దగ్గర మొదలై దవడ దాకా ఎర్రగా కందిపోయి, సన్నటి పొక్కులు లేచాయి. అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఆడవాళ్ళందరూ చేతుల్లో పని వదిలేసి చుట్టూ మూగారు. కనకమ్మ ఒకతె, కాయలు తుడిచే ఆవిడ, సొన పడిందేమో చూసుకోమంది. ఇన్నమ్మ ఆవిడ వైపు చూసిన చూపుకి కనకమ్మ నవ్వేసి, నీకు సొనేంటిలే, నా మతి మండిపోనూ అని లెంపలేసుకుంది.

సొన కాకపోతే ఇంకేమిటి? అందరి కళ్ళూ కంచె వైపు తిరిగాయి. కంచె అవతల, తోట మూలన, నాలుగేళ్ళ కిందట లేచిన సెల్ టవర్ ఉంది. దాని కింద జనరేటర్, ఒక చిన్న గది, ఆ గదిలో కాపలా ఉండే చిన్నయ్య.

*

శ్రీరాములుది టవర్‌కి ఆనుకున్న ఇల్లు. అతని భార్యకి రెండేళ్ళుగా ఒకటే తలనొప్పి. అది టవర్ వల్లేనని అతని నమ్మకం. చూరులో పిచ్చుకలు పోయింది టవర్ వల్లే, కొబ్బరి పిందె రాలేది టవర్ వల్లే, తనకి నిద్ర పట్టనిది టవర్ వల్లే. ఏ ఆఫీసుకి వెళ్ళినా రుజువేదని అడిగేవాళ్ళు. పాపం, చెడ్డవాడు కాదు. భార్య తలకి తడిగుడ్డ చుట్టుకుని మంచాన పడి ఉంటే చూడలేక తిరిగే మనిషి. అలాంటి మనిషికి ఇన్నమ్మ చెంప కంటపడేసరికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మంగళవారం పొద్దున్నే కారు తెచ్చి ఆవిడని నూజివీడు రెవెన్యూ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆఫీసులో ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడిపోతే, లోపల ఆఫీసరు స్వయంగా కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. తర్వాత లేచి వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, వంగి ఆవిడ చెంపని చూశాడు. ఎన్ని రోజులైంది, ఎంతసేపు మాట్లాడతారు, మంటా దురదా అని అడిగి, ఆవిడ చెప్పిన ప్రతి మాటా కాగితం మీద రాసుకున్నాడు. నెత్తి మీద ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ఇన్నమ్మకి అదంతా వేరెవరికో జరుగుతుంటే తాను కిటికీలోంచి చూస్తున్నట్టుగా ఉంది. ముప్పై ఏళ్ళలో ఎవరైనా ఆవిడ విరిచిన కాయని చూశారు గానీ ఆవిడ మొహం చూసిన వాళ్ళు లేరు. ఆఫీసరు శుక్రవారం వచ్చి విచారణ చేస్తానన్నాడు. అప్పటిదాకా టవర్ ఆపించమని ఫోను చేసి చెప్పాడు.

తిరిగొచ్చేసరికి రోడ్డు మలుపులో ఫ్లెక్సీ కట్టేశారు. 'మా ఊరి చెంప కాలుతోంది. టవర్ తొలగించాలి' అన్న అక్షరాల కింద ఇన్నమ్మ కుడి చెంప, మంచమంత బొమ్మ. ఆవిడ సిగ్గుపడి కొంగు కప్పుకుంది. కప్పుకున్న కొంగు సందులోంచి ఇంకోసారి చూసుకుంది.

సాయంత్రం షెడ్డు దగ్గర శ్రీరాములు పదిమందిని కూర్చోబెట్టి ఏం జరిగిందో చెబుతుండగా చిన్నయ్య వచ్చాడు. బాపులపాడు నుంచి వచ్చిన మనిషి, ఇక్కడ నా అన్నవాళ్ళు లేరు. పెళ్ళీ పెటాకులూ లేవు. జనరేటర్‌లో డీజిలు పోయడం, చుట్టూ ఊడ్చడం, రాత్రి ఆ గదిలో పడుకోవడం, అదే అతని ఉద్యోగం, అదే అతని ఇల్లు. షెడ్డులో ఆడవాళ్ళ ఫోన్లన్నీ మధ్యాహ్నం అన్నాలయ్యాక తన గదిలోనే చార్జింగ్ పెట్టి, సాయంత్రం ఎవరిది వాళ్ళకి చేతికిచ్చేవాడు. ఆ రోజు చేతిలో కలబంద మట్ట ఉంది. ముళ్ళు చెక్కి, శుభ్రంగా కడిగి తెచ్చాడు.

జనం మధ్యకి రావడానికి తటపటాయించి, చివరికి వచ్చి, ఆవిడ చెంప చూసి తల దించుకున్నాడు.

"నేను నాలుగేళ్ళుగా దాని కిందే పడుకుంటున్నానక్కా. నాకేం కాలేదుగదా అని ఎవరికీ ఏం కాదనుకున్నాను. ఇది రాసుకో, చల్లగా ఉంటుంది."

అందరూ ఇన్నమ్మ వైపే చూస్తున్నారు. పొద్దుటి నుంచీ ఆవిడ నోటి నుంచి ఏ మాట వచ్చినా జనం చెవులు రిక్కించి వింటున్నారు. ఆ రుచి అప్పుడే తగిలింది ఆవిడకి. నాలుగేళ్ళుగా తమ్ముడూ అని పిలిచిన నోటితోనే అనేసింది.

"కాల్చేదీ మీరే, మందు తెచ్చేదీ మీరేనా? మా చెంపలు కాల్చిన కూడు నీకు గొంతు ఎట్టా దిగుతోంది చిన్నయ్యా?"

ఎవరో భేష్ అన్నారు. చిన్నయ్య కలబంద మట్టని గోనె మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక ఇన్నమ్మకి ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకుంది. అంతలోనే చెంప మండుతుంటే, అంటే అన్నానులే, తప్పేముంది అనుకుంది.

*

బుధవారం పొద్దున వినోద్ అని టవర్ తాలూకు కుర్రాడు బండి మీద వచ్చి టవర్ ఆపేసి వెళ్ళాడు. ఫోన్లలో గీతలన్నీ పోయాయి. జనరేటర్ మోత కూడా లేకపోయేసరికి తోటలో మధ్యాహ్నం లోతుగా దిగిపోయింది. కాయ విరిగిన టప్పు చప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకి వినపడుతోంది. జాలీ మీద నుంచి సొన చుక్కా చుక్కా రాలుతుంటే ఆ చప్పుడు కూడా వినపడుతోందేమో అనిపించేలా ఉంది.

పన్నెండున్నర అయింది. రెండు రోజులు ఫోను కలవదని దివ్యకి శ్రీరాములు ముందే చెప్పాడు. అయినా ఇన్నమ్మ చెయ్యి గోనెకి తుడుచుకోవడం, ఫోను వైపు వెళ్ళడం ఆగలేదు. దివ్య అప్పుడప్పుడూ మాటలు రికార్డు చేసి పంపేది. అవి ఫోనులో అలాగే ఉన్నాయి. లావణ్య చేత ఒకటి పెట్టించుకుని చెవికి ఆనించుకుంది. 'అమ్మా, ఇక్కడ వాన పడుతోందే' అంటోంది దివ్య. ఎప్పటి వానో అది. ఇన్నమ్మ కళ్ళు మూసుకుంది. ఎండలో, సిగ్నలు లేని తోటలో, ఆవిడ చెవిలో మాత్రం వాన కురుస్తూనే ఉంది. ఒకటి అవగానే ఇంకోటి పెట్టమంది. మంట లేవకుండా ఉండాలని ఫోనుని ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది.

లావణ్యకి కూడా స్నేహితురాలి గొంతు వినాలనిపించింది. తర్వాత తనకివ్వమని తీసుకుని, పక్కకి ఒరిగి, చెంప కింద పెట్టుకుని వింటూ అలాగే కునుకు తీసింది. లేచాక ఫోను తిరిగిస్తూ ముక్కు చిట్లించింది. ఇది సొన కంపు కొడుతోందత్తా అంది. ఇన్నమ్మ వాసన చూసింది. ఆవిడకి ఏ వాసనా రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడకి సొన వాసనే తెలియదు.

గురువారం లావణ్య మొహానికి చున్నీ చుట్టుకుని వచ్చింది. పని మొదలుపెట్టక ముందే ఇన్నమ్మని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి చున్నీ తీసింది. లేత చెంప మీద ఎర్రటి పట్టీ, అంచు తిన్నగా.

"టవర్ ఆగిపోయిందిగా అత్తా" అంది లావణ్య, గొంతు తగ్గించి.

ఇన్నమ్మ తన చెంప తడుముకుంది. టవర్ ఆగిన తర్వాతే కొత్త పొక్కులు లేచాయి. రాత్రంతా ఆ మంటకే నిద్ర లేదు. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని, దాని నల్ల రబ్బరు తొడుగుని గోటితో పట్టి ఊడదీసింది. మామూలుగా ఊడలేదు. సాగి, అంటుకుని, చివరికి చిరిగినట్టుగా వచ్చింది. లోపల, ఫోనుకీ తొడుగుకీ మధ్య, అద్దం అంచుల వెంట, గోధుమరంగు జిగురు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. పైపొర ఇంకా తడిగానే ఉంది. రోజుకో అరగంట, రోజుకో పొర.

ఆవిడ గట్టు మీద కూలబడింది. సొన చేత్తో మొహం ముట్టుకోకూడదని ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి చెబుతారు. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారి ముట్టుకోలేదు. చెమట పడితే మోచేత్తో తుడుచుకుంది, దోమ కుడితే భుజానికేసి రుద్దుకుంది. చేతికి జాగ్రత్త నేర్పింది గానీ ఫోనుకి నేర్పలేదు. సొన పక్కకి తప్పుకుంటుందని చెప్పుకున్న మనిషి, పసిపిల్లలా సొనకి చెంప కాల్చుకుని, నూజివీడులో ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని వచ్చింది.

ఎవరికీ చెప్పొద్దని లావణ్య దగ్గర మాట తీసుకుంది. ఆ రోజు ఆవిడ చేతులు సరిగా నడవలేదు. మూడు కాయల మీద సొన పడింది. కనకమ్మ చూసి, నొప్పిగా ఉంటే పడుకోవమ్మా, నీకు తెలియకుండానే ఎంత నీరసం చేసిందో ఆ మాయదారి టవర్ అని జాలిపడింది. ఆ జాలి ఇన్నమ్మకి పొక్కుల కంటే ఎక్కువ మండింది.

సాయంత్రం టవర్ వైపు నడిచింది. చిన్నయ్యకి ముందు చెప్పాలి, మిగతాది తర్వాత అనుకుంది. కంచె దాకా వెళ్ళింది. లోపల చిన్నయ్య గది ముందు కూర్చుని గిన్నెలు తోముకుంటున్నాడు. ఉన్నవే మూడు గిన్నెలు, తోమినవాటినే మళ్ళీ తోముతున్నాడు. తీగ మీద అతని చొక్కా ఆరుతోంది. ఎన్నడూ ఆగని చప్పుడు ఆగిపోయిన ఆ చోట, ఆ మనిషి నీళ్ళ అడుగున కూర్చున్నట్టు కనిపించాడు. ఇన్నమ్మ నోరు తెరిచింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. తప్పు తెలుసుకోవడం ఒక ఎత్తు, దాన్ని నోటితో అనడం ఇంకో ఎత్తు. రేపు పొద్దున చెబుదాంలే అనుకుని వెనక్కి తిరిగింది. ఆ ఇరవై అడుగులు ఆవిడ ఆ సాయంత్రమే నడిచి ఉంటే బాగుండేది.

*

శుక్రవారం విచారణ షెడ్డులోనే జరిగింది. ట్రేలు ఒక పక్కకి నెట్టి బల్ల వేశారు. ఆఫీసరు వచ్చాడు, ఆయనతో పాటు ప్రభుత్వాసుపత్రి డాక్టరు శ్రీరమ్య వచ్చింది, టవర్ తరఫున వినోద్ వచ్చాడు. చిన్నయ్య కనపడలేదు. శ్రీరాములు లేచి భార్య తలనొప్పి దగ్గర నుంచి పిచ్చుకల దాకా చెప్పి, ఇవన్నీ అబద్ధమనుకున్నా ఈ చెంప అబద్ధం కాదుగా అని ఇన్నమ్మ వైపు చెయ్యి చాపాడు. ఆఫీసరు ఆవిడని మాట్లాడమన్నాడు.

ఇన్నమ్మ లేచి నిలబడింది. కొంగు ముడి విప్పి ఫోనూ, చిరిగిన తొడుగూ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది టవర్ కాదండీ. సొన. నా చేతి సొన ఫోనుకంటి, ఫోను చెంపకంటింది. టవర్ ఆగాక కూడా కాలింది. ఈ పిల్ల నా ఫోను తీసుకుంటే ఈ పిల్లకీ కాలింది. చూసుకోకపోవడం నా తప్పు."

వెనక నుంచి ఒకరు కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వరసల వెంట పాకింది. ముప్పై ఏళ్ళ చేతికి సొన కాలిందట. ఇన్నమ్మ మొహం రెండు వైపులా ఎర్రబడింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. తొడుగు తీసి వాసన చూసింది, లావణ్యని పిలిచి చూసింది, ఇన్నమ్మ చేతులు తిప్పి చూసింది. ఇది సొన కాల్చిన పుండేనని, చేతికి అలవాటైనంత మాత్రాన చెంపకి అలవాటు కాదని చెప్పింది.

శ్రీరాములు గట్టిగా అడగబోయి, మెల్లగా అడిగాడు.

"మరి మా ఆవిడ తలనొప్పో, ఇన్నమ్మా?"

"అది నాకు తెలీదు శ్రీరాములుగారూ. నా చెంప సంగతి ఒక్కటే నాకు తెలుసు."

ఆ ప్రశ్నని డాక్టరమ్మ అందుకుంది. టవర్ల గురించీ ఫోన్ల గురించీ పరిశోధనలు ఇంకా జరుగుతూనే ఉన్నాయనీ, ఇప్పటిదాకా తెలిసినదాన్ని బట్టి, నిర్ణయించిన పరిమితి లోపల ఉన్న టవర్ వల్ల జబ్బు వస్తుందని రుజువు కాలేదనీ చెప్పింది. అయినా ఫోను అవసరం మేరకే చెవికి ఆనించుకుంటే మంచిదేనంది. టవర్ పరిమితిలో ఉందో లేదో కొలిపించమని ఆఫీసరుకి రాసిచ్చింది. తలనొప్పికి కారణం టవర్ అని ముందే అనేసుకుంటే అసలు కారణం ఎవరూ వెతకరని, మీ ఆవిడని ఒకసారి ఆసుపత్రికి తీసుకురమ్మని శ్రీరాములుతో అంది. అతను తలూపాడు. వెళ్ళేటప్పుడు ఇన్నమ్మ వైపు చూడలేదు.

వినోద్ టవర్ మళ్ళీ వేశాడు. జనరేటర్ ఒకసారి దగ్గి మోగడం మొదలుపెట్టింది. ఇన్నమ్మ అతని వెనకాలే వెళ్ళి, చిన్నయ్య ఏడని అడిగింది.

రాత్రి వెళ్ళిపోయాడన్నాడు వినోద్. తాళంచెవితో పాటు కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పెట్టాడట. 'మనుషుల మొహాలు కాల్చే పని నేను చెయ్యలేను' అని. సోమవారం పొద్దున కొత్త మనిషి వస్తాడట. ఈలోగా చిన్నయ్యే తిరిగొస్తే తనకేం అభ్యంతరం లేదని, నాలుగేళ్ళలో ఒక్కరోజు మానని మనిషని, సోమవారం దాటితే మాత్రం తన చేతిలో ఉండదని చెప్పాడు.

ఇన్నమ్మ నూనె రాసి, సబ్బు పెట్టి, చేతులు రెండుసార్లు కడుక్కుంది. ఫోనుని కూడా నూనె గుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచింది. చెంపకి దూరంగా పట్టుకుని చిన్నయ్యకి చేసింది. బాపులపాడులో అన్నగారి ఇంట్లో ఉన్నాడు. వెనక గేదె అరుస్తోంది.

"చిన్నయ్యా, టవర్ కాదు. సొన. అందరి ముందూ చెప్పాను. నువ్వొచ్చెయ్యి."

"నీకు సొనేంటక్కా" అన్నాడు చిన్నయ్య. ఆ గొంతులో నవ్వు లాంటిది ఉంది, నవ్వు కాదు. "నీ చెయ్యి నాకు తెలీదా? నాలుగేళ్ళుగా కంచె అవతల నుంచి చూశాను. ఒక్క చుక్క నీ మీద పడగా చూడలేదు."

"పడలేదు. ఫోనుకంటింది."

"నా ఉద్యోగం పోయిందని ఈ అబద్ధం చెబుతున్నావు. అన్న మాటకి బాధపడుతున్నావేమో, నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. ఆ ఉద్యోగం నాకొద్దు. చెంప జాగ్రత్తక్కా."

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. లావణ్య చేత చేయించినా ఎత్తలేదు. ఇన్నమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. నిజం చెబితే నవ్వినవాళ్ళ మీద కోపం రాలేదు గానీ, నిజాన్ని మంచితనం అనుకుని దణ్ణం పెట్టిన ఈ మనిషి మీద కోపం వచ్చింది. తనని అంత గొప్పదాన్ని చేసి తన నెత్తిన కూర్చోబెట్టుకున్నాడు, అక్కడి నుంచి దిగనివ్వడం లేదు. ఇంక ఏ మాట చెప్పినా అది అతనికి అక్క మంచితనంలానే వినపడుతుంది.

ఆవిడ వచ్చి పీట మీద కూర్చుంది. మధ్యాహ్నం కాయ దిగుతోంది. ఎండ ఆకుల్లోంచి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. ముందున్న కుప్పలోంచి ఒక బంగినపల్లి కాయని ఎంచింది, అప్పుడే దించింది, కాడ పచ్చిగా ఉంది. ఎడమ చేత్తో పట్టుకుంది. ఈసారి ముచ్చికని నేల వైపు తిప్పలేదు. మొహం పక్కకి తిప్పుకోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఎడమ చెంప దగ్గరగా తెచ్చి టప్పున విరిచింది.

ముప్పై ఏళ్ళ తర్వాత ఆవిడకి సొన వాసన తెలిసింది. ఘాటుగా, పచ్చిగా, చిన్నప్పటి వాసన. లావణ్య చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయింది. ఇన్నమ్మ ఆ తడిని వేలితో చెంపంతా పాముకుని, కాయని జాలీ మీద బోర్లా పెట్టి, ఇంకో కాయ అందుకుంది.

*

శనివారానికి ఎడమ చెంప ఎర్రబడింది. ఆదివారానికి పొక్కులు లేచాయి. ఆవిడ పొద్దున్నే ఆటో ఎక్కి నూజివీడు వెళ్ళి, అక్కడి నుంచి బాపులపాడు వెళ్ళాలని హనుమాన్ జంక్షన్ బస్సెక్కింది. బస్సులో పక్కనున్నావిడ కాస్త దూరం జరిగి కూర్చుని, అదేమైనా అంటుకునేదా అని అడిగింది. కాదు, కాయ సొన అని చెప్పింది ఇన్నమ్మ. చెప్పడం ఇప్పుడు తేలికగా ఉంది. కిటికీలోంచి గాలి కొడుతుంటే రెండు చెంపలూ భగ్గుమంటున్నాయి. తోటలు వెనక్కి వెళ్ళిపోయి, కోసేసిన వరిచేలు ఎండలో తెల్లగా తేలుతూ వచ్చాయి. ఆ మంటలోనూ ఆవిడకి కునుకు పట్టింది.

బాపులపాడులో అడిగి ఇల్లు కనుక్కునేసరికి తొమ్మిదైంది. చిన్నయ్య గేదెల పాకలో పేడ ఎత్తుతున్నాడు. అన్నగారి ఇల్లు. పాక పక్కన అరుగు మీద అతని సంచీ, మూడు గిన్నెలూ, ఎక్కడా సర్దకుండా అలాగే ఉన్నాయి. ఆవిడని చూసి పార పక్కన పెట్టి ఎదురొచ్చాడు. దగ్గరికొచ్చాక ఆగిపోయాడు.

"రెండోది కూడానా" అన్నాడు.

"ఈ చెంపకి ఫోను ముట్టలేదు. ఏనాడూ ముట్టలేదు. శుక్రవారం నా చేత్తో నేనే సొన పూసుకున్నాను. దగ్గరికొచ్చి చూడు. కుడిదానికీ దీనికీ తేడా ఉందేమో చూడు."

చిన్నయ్య దగ్గరికొచ్చాడు. ముందు ఎడమ చెంప చూశాడు. చుట్టూ తిరిగి కుడి చెంప చూశాడు. మళ్ళీ ఇటొచ్చాడు. అదే ఎరుపు, అవే పొక్కులు, అదే నల్లబడుతున్న అంచు. డీజిలు మట్టం చూసే మనిషి చూపు అది, తొందర లేని చూపు. పాకలో గేదె మెడగంట కదిలింది.

"ఎందుకు చేశావక్కా ఇట్టాంటి పని?"

"నోటితో చెబితే నమ్మలేదుగా నువ్వు."

అతను పాక గుంజకి ఆనుకున్నాడు.

"ఆ రోజు నేనన్న మాట తప్పు చిన్నయ్యా. టవర్ వల్ల కాలినా తప్పే, సొన వల్ల కాలినా తప్పే. నువ్వు మందు తెచ్చావు. నేను ఆ మాటన్నాను."

చిన్నయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల తిప్పుకుని, పేడచేతులని చూసుకుని, మొహం మోచేత్తో తుడుచుకున్నాడు. తొట్టి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత లోపలికెళ్ళి వదినగారితో ఏదో చెప్పి, అరుగు మీది గిన్నెలు సంచీలో పెట్టుకుని బయటికొచ్చాడు.

బస్సు కోసం ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎండ ఎక్కింది. అతను ఆవిడకి ఎండ తగలకుండా తూర్పు వైపుకి జరిగి నిలబడ్డాడు.

"బాగా మండుతోందా అక్కా?"

"మండుతోంది" అంది ఇన్నమ్మ.